కట్‌కి అటూ ఇటూ

వీడియో ఎడిటింగ్ నేర్చుకోవడానికి కూర్చున్నవాళ్లకి మొదటి రోజు ఎవరూ సిద్ధాంతాలు చెప్పరు. ఫుటేజ్ ఎలా ఇంపోర్ట్ చెయ్యాలో, బిన్‌లో ఎలా సర్దుకోవాలో, టైమ్‌లైన్ మీదికి ఎలా లాగాలో చూపిస్తారు. ఆ తర్వాత కీబోర్డు మీద కుడివైపు బాణం గుర్తు నొక్కమంటారు. ప్లేహెడ్ ఒక్క ఫ్రేము ముందుకి జరుగుతుంది. మళ్లీ నొక్కితే ఇంకొకటి. ప్రాజెక్టు 25 ఫ్రేముల్లో ఉంటే పాతికసార్లు నొక్కితేగాని సెకను పూర్తికాదు. మనవాళ్లలో చాలామంది చేతికి మొదట వచ్చేది పెళ్లి ఫుటేజే కాబట్టి తలంబ్రాల షాటే తీసుకుందాం. ఒక ఫ్రేములో పెళ్లికూతురి దోసిలి పైకెత్తి ఉంది. కొన్ని నొక్కుల తర్వాత బియ్యం గాల్లో ఉన్నాయి. ఇంకాసేపటికి పెళ్లికొడుకు తలమీద ఉన్నాయి. ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు వెళ్లి వెతికినా ఉండటమే తప్ప పడటం అనేది ఏ ఫ్రేములోనూ దొరకదు.

దొరకని ఆ పడటం గురించి రెండో శతాబ్దం ప్రాంతంలోనే ఆచార్య నాగార్జునుడు గట్టిగా నిలదీశాడు. శాతవాహన రాజుకి ఆయన రాసిందిగా చెప్పే ‘సుహృల్లేఖ’ వల్లా, ఇప్పుడు సాగర్ జలాశయం మధ్య ద్వీపంగా మిగిలిన నాగార్జునకొండ వల్లా తెలుగువాళ్లకి ఆయన పేరు కొత్త కాదు. అయితే ఆయన తర్కంలోకి దిగినవాళ్లు తక్కువ. ‘మూలమధ్యమకకారిక’ రెండో ప్రకరణం మొత్తం నడక మీదే సాగుతుంది. నడిచేసిన దారిలో ఇప్పుడు నడక లేదు, అయిపోయింది. నడవాల్సిన దారిలోనూ లేదు, ఇంకా మొదలవలేదు. ఈ రెండూ పోగా నడక జరుగుతున్న దారి అంటూ మూడో ముక్క ఎక్కడుందో చూపించమని ఆయన సవాలు. పుస్తకంలో చదివినప్పుడు ఇది పండితుల పంతంలా అనిపిస్తుంది. ప్లేహెడ్‌ని ఒక్కో ఫ్రేమూ జరుపుతూ కూర్చున్నవాడికి మాత్రం ఇందులో అతిశయోక్తి ఏమీ కనిపించదు.

ఫ్రాన్సులో తత్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్‌కి ఈ ఫ్రేముల యంత్రమే సరిగ్గా ఎదురు సంగతి చెప్పింది. సినిమా పుట్టి పుష్కరం తిరగకుండానే, 1907లో వచ్చిన ‘సృజనాత్మక పరిణామం’ గ్రంథంలో, మన బుద్ధి సినిమా యంత్రంలా పనిచేస్తుందని ఆయన ఆక్షేపించాడు. ముక్కలు కాని కదలికని బుద్ధి స్థిరచిత్రాలుగా కోసుకుంటుంది, తర్వాత వాటిని అతికించి ఇదే కదలిక అనుకుంటుంది. నాగార్జునుడి లెక్కన నడక ఎంత వెతికినా చేతికి చిక్కదు. బెర్గ్‌సన్ లెక్కన నడకే నిజం, ఫ్రేములే బుద్ధి చేసిన మోసం.

తలంబ్రాల ఫ్రేముని పెద్దది చేసి చూస్తే బెర్గ్‌సన్‌కి కాస్త బలం దొరుకుతుంది. గాల్లో ఉన్న బియ్యపు గింజలు గింజల్లా ఉండవు, సన్నటి గీతల్లా సాగి ఉంటాయి. 25 ఫ్రేముల వీడియోకి షట్టర్ వేగం సెకనులో 50వ వంతు పెట్టుకోవడం కెమెరామెన్ అలవాటు. ఆ కాస్త వ్యవధిలో గింజ ఎంత దూరం పడిందో అంతా గీతై నిలుస్తుంది. అంటే ఫ్రేము కాలంలో ఒక చుక్క కాదు, దానికీ మందం ఉంది. మిగతా 50వ వంతు షట్టర్ మూసే ఉంటుంది. ఆ లెక్కన మూడు గంటల పెళ్లి ఫుటేజ్‌లో గంటన్నర పాటు కెమెరా అసలు చూడనే లేదు. ఆ కారణం చెప్పి ఏ పెళ్లికూతురి తండ్రీ ఇంతవరకు డబ్బు తగ్గించి ఇవ్వలేదు.

కంటి మీద బొమ్మ కాసేపు నిలిచిపోవడం వల్ల కదలిక కనిపిస్తుందని ఎడిటింగ్ క్లాసుల్లో ఇప్పటికీ చెబుతుంటారు. అది నిలబడే మాట కాదు. ఒక బొమ్మ చెరగకుండానే దాని మీద ఇంకో బొమ్మ పడితే కనిపించేది అలుక్కుపోయిన మరకే గాని నడిచే మనిషి కాదు. వేరువేరు చోట్ల వెంటవెంటనే వెలిగించిన రెండు గీతలు ఒకే గీత జరిగినట్టు ఎందుకు కనిపిస్తాయో మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్తైమర్ 1912లోనే పరిశీలించి రాశాడు. కదలికని కట్టేది మెదడు. ఎడిటింగ్ వృత్తి మొత్తం ఆ కట్టుడు పని మీదే బతుకుతోంది.

రెండో పాఠం కోత. ప్రీమియర్ ప్రోలో ‘సి’ నొక్కితే రేజర్, డావిన్చీ రిజాల్వ్‌లో ‘బి’ నొక్కితే బ్లేడ్. క్లిప్ మధ్యలో పెట్టి క్లిక్ చేస్తే ఒకటి రెండవుతుంది. కొత్తవాళ్లు వెంటనే ప్లే చేసి చూసి తెల్లమొహం వేస్తారు. ఎందుకంటే ఏమీ మారదు. కోత ముందు ఎలా ఆడిందో తర్వాతా అలాగే ఆడుతుంది, పాటలో చిన్న తొణుకు కూడా ఉండదు. టైమ్‌లైన్ మీద గీత ఉంది, చూపులో లేదు. ఇలాంటి కోతని సాఫ్ట్‌వేర్ ‘త్రూ ఎడిట్’ అంటుంది, అక్కర్లేదనుకుంటే మళ్లీ కలిపేసుకునే వీలిస్తుంది. కొయ్యడానికీ విడదియ్యడానికీ మధ్య ఇంత ఎడముందని ఈ ఒక్క క్లిక్ చెప్పినంత తేటగా తర్కగ్రంథాలు కూడా చెప్పవు. ఏదో ఒకటి తీసేసినప్పుడో, మధ్యలోకి ఇంకొకటి తెచ్చి పెట్టినప్పుడో తప్ప కోతకి ఉనికి లేదు.

రీలు రోజుల్లో కోత కోతే. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకి 16 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు. మద్రాసు ఎడిటింగ్ గదుల్లో ఆ అడుగులన్నీ మూవియోలా యంత్రంలోంచి నడిపించి, కత్తిరించి, అతికించేవారు. సిమెంటు జాయింటు వేస్తే అంచున ఒక ఫ్రేము పోయినట్టే. అలాంటి గదుల నుంచి వచ్చిన ఎడిటర్ అక్కినేని సంజీవి. ఆయన కుమారుడు శ్రీకర్ ప్రసాద్ రీలు కాలంలో పని మొదలుపెట్టి, 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ని కంప్యూటర్ మీద కూర్చారు. చేతిలో ఫిల్మ్ ఆడిన తరానికి కోతంటే కర్మలాంటిది, చేసినది అనుభవించాల్సిందే. ఇప్పుడు కంట్రోల్ జెడ్ ఉంది. దాని వల్ల ఎడిటర్లకి ధైర్యం వచ్చిందో, తెగింపు తగ్గి ఎటూ తేల్చుకోలేకపోవడం వచ్చిందో వాళ్లనే అడగాలి.

పైగా కంప్యూటర్‌లో అసలు ఫుటేజ్‌ని ఎవరూ ముట్టుకోరు. టైమ్‌లైన్ మీద కనిపించే క్లిప్‌లో వీడియో లేదు. ఫలానా ఫైలులో ఫలానా ఫ్రేము నుంచి ఫలానా ఫ్రేము వరకు అని రాసుకున్న చిరునామా మాత్రమే ఉంది. ప్రీమియర్ ప్రాజెక్టు ఫైలుని విప్పి చూస్తే బయటపడేవి అక్షరాలే. హార్డ్ డిస్కు ఊడబెరికి మళ్లీ ప్రాజెక్టు తెరిస్తే క్లిప్పులన్నీ ఉన్నచోటే ఉంటాయి, పేర్లు ఉంటాయి, నిడివి ఉంటుంది. తెర మీద మాత్రం ఎర్రటి పలక మీద ‘మీడియా ఆఫ్‌లైన్’ అని పడుతుంది.

యోగసూత్రాల మూడో పాదంలో క్షణాల క్రమం గురించిన సూత్రానికి వ్యాసభాష్యం చెప్పేది విన్నవాళ్లకి ఆ ఎర్రపలక కొత్తగా అనిపించదు. రెండు క్షణాలు ఎప్పుడూ ఒకేసారి ఉండవు, ఒకటి పోతేనే ఇంకొకటి. కలిసి ఉండని వాటితో కుప్ప ఎలా పోస్తారు? కాబట్టి ముహూర్తమూ రాత్రీ పగలూ వస్తువులు కావు, బుద్ధి కూర్చుకున్నవి అంటుంది భాష్యం. క్షణాన్ని మాత్రం నిజమే అని ఒప్పుకుంటుంది. బౌద్ధాన్ని ఖండించే సంప్రదాయంలోనే ఈ మాట ఉండటం చూస్తే, టైమ్‌లైన్ అనే అడ్డగీత ఎంత అనుమానాస్పదమైన వస్తువో అందరికీ తెలుసన్నమాట.

మరి అతుకు ఎక్కడ పడుతోంది? తెలుగువాడికి ఈ ప్రశ్న నోట్లోనే నానుతోంది. సినిమా కథ చెప్పేటప్పుడే కాదు, చుట్టాల కబుర్లలోనూ ‘కట్ చేస్తే’ అనేది మామూలు మాటైపోయింది. ఊళ్లో గోళీలాడే కుర్రాడు, కట్ చేస్తే డల్లాస్‌లో ఇల్లు కొనేశాడు. గోళీలాడినవాడికీ ఇల్లు కొన్నవాడికీ మొహం మారింది, యాస మారింది, పొట్ట వచ్చింది. అయినా వినేవాళ్లలో ఒక్కరు కూడా ‘వీడు వేరే వాడేమో’ అనరు.

అమరావతి శిల్పి ఇదే నమ్మకం మీద కోత కూడా వెయ్యకుండా పని కానిచ్చాడు. చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉన్న నలగిరి పతకంలో ఆ పేరుగల మదపుటేనుగు ఒక పక్క జనాన్ని తొక్కుతోంది. అదే రాతిలో, అదే వీధిలో, రెండో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంది. గుండ్రటి చట్రం ఒక్కటే, ఏనుగు బొమ్మలు రెండు, కాలాలు రెండు. చూసేవాళ్లు ఎవరూ ఏనుగులు రెండనుకోరు.

క్షణం కన్నా ఎక్కువసేపు ఏదీ నిలవదని వాదించిన బౌద్ధ తార్కికులు దీన్ని సులువుగానే తోసిపుచ్చుతారు. వాళ్లలో దిఙ్నాగుడు వేంగి పరిసరాల్లో ఉన్నాడని ఏడో శతాబ్దంలో వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ రాసుకున్నాడు. ఆయన దారిలో వచ్చినవాడు ధర్మకీర్తి. వాళ్ల పద్ధతిలో ప్రత్యక్షంగా దొరికేది ఆ క్షణపు విడి వస్తువొక్కటే. ‘అదే ఏనుగు’ అనడం కల్పన. రాత్రంతా వెలిగిన దీపంలో మొదటి జాము మంట, చివరి జాము మంట ఒకటే అనిపించినట్టు, కత్తిరించాక మళ్లీ పెరిగిన జుట్టుని పాత జుట్టే అనుకున్నట్టు, పోలిక వల్ల వచ్చిన భ్రమ.

దీనికి శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యం రెండో అధ్యాయంలో ఇచ్చిన జవాబు ఎడిటింగ్ టేబుల్ దగ్గరికి తెచ్చి పెట్టుకోదగ్గది. సరే, పోలికే అనుకుందాం. ఇది దానిలా ఉంది అనాలంటే ఆ ముందుదాన్నీ ఈ తర్వాతదాన్నీ చూసినవాడు ఒకడు ఉండాలిగా? వాడు కూడా క్షణానికోసారి మారిపోతే పోల్చేదెవరు? నిన్న చూసిందీ ఇవాళ తలచుకునేదీ ఒకరే అయితేనే జ్ఞాపకం అనే మాటకి అర్థం. బౌద్ధుల దగ్గర దీనికి మళ్లీ సమాధానం లేకపోలేదు. ముందు క్షణం తన సంస్కారాన్ని తర్వాతి క్షణానికి అందించి పోతుందంటారు. పదో శతాబ్దం, పదకొండో శతాబ్దం దాకా ఉదయనుడి లాంటి నైయాయికులు వాళ్లతో తలపడుతూనే వచ్చారు. ఆ గొడవ ఇక్కడ తేలేది కాదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. శంకరులు ప్రశ్నని తెర మీద నుంచి తీసి కుర్చీలో కూర్చున్నవాడి మీద పెట్టారు. ఫ్రేముల మధ్య ఏముందని కాదు, కట్‌కి అటూ ఇటూ చూసినవాడెవడని.

సోవియట్ రష్యాలో లెవ్ కులెషోవ్ కూడా కుర్చీలో వాడి మీదే ప్రయోగం చేశాడు. ఇవాన్ మోజుహిన్ అనే నటుడి భావం లేని ముఖాన్ని సూపు గిన్నె పక్కన ఒకసారి, శవపేటిక పక్కన ఒకసారి అతికిస్తే, జనం ఆ ముఖంలో ఒకసారి ఆకలినీ ఇంకోసారి దుఃఖాన్నీ చూశారని చెబుతారు. ఆ ఫిల్మ్ ఇప్పుడు లేదు. దర్శకుడు పుడోవ్కిన్ చెప్పిన వివరాలకీ తర్వాతివాళ్లు చెప్పిన వాటికీ షాట్ల దగ్గరే తేడాలున్నాయి. అతుకు గురించిన కథ కూడా మన దాకా అతుకులతోనే వచ్చిందని నవ్వుకోవచ్చు.

క్షణం స్వతంత్రమా కాదా అన్న తగువు మాత్రం నేర్చుకునేవాడి లాప్‌టాప్‌లో రోజూ జరుగుతోంది. ఫోనుతోనో చవక కెమెరాతోనో తీసిన హెచ్.264 క్లిప్‌ని ‘ఎల్’ నొక్కి ముందుకి ఆడిస్తే హాయిగా ఆడుతుంది. ‘జె’ నొక్కి వెనక్కి ఆడిస్తే కాళ్లీడుస్తుంది. కారణం ఆ ఫైలులో చాలా ఫ్రేములు ఫ్రేములే కాకపోవడం. ఎక్కడో ఒక ఐ-ఫ్రేము మాత్రమే పూర్తి బొమ్మ. పి-ఫ్రేములో ఉండేది ముందు వచ్చినదానికీ తనకీ తేడా. బి-ఫ్రేమైతే వెనకా ముందూ రెండు వైపులా ఆధారపడుతుంది, తన తర్వాత రావాల్సిన దాన్ని చూస్తేగాని తానేమిటో చెప్పలేదు. ఆ ఫ్రేముని ఒంటరిగా పీకి చూపించమంటే చూపించడానికి సొంత సొత్తంటూ లేదు. ఏ వస్తువుకీ సొంత స్వభావం లేదు, ఇంకొకదాన్ని ఆనుకునే ఉంటుంది అన్న నాగార్జునుడి ప్రతీత్యసముత్పాదానికి ఇంతకన్నా దగ్గరి బొమ్మ దొరకదు. మధ్యాసియా నుంచి కాశ్మీరం దాకా వ్యాపించిన సర్వాస్తివాద బౌద్ధులు ధర్మాలకి, అంటే వస్తువుల మూలాంశాలకి, స్వభావం ఉందన్నారు. వాళ్ల పక్షాన ప్రోరెస్, డీఎన్ఎక్స్ లాంటి కోడెక్‌లున్నాయి. అక్కడ ప్రతి ఫ్రేమూ తన కాళ్ల మీద నిలబడుతుంది. ఎటు ఆడించినా తడబడదు, బదులుగా హార్డ్ డిస్కుని మింగేస్తుంది. సీనియర్లు కొత్తవాళ్లకి ముందుగా ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి తేలికైన నకళ్లు, చేసుకోమని చెప్పేది ఇందుకే.

కోత సంగతికి మనిషి వైపు నుంచి ఒక సాక్ష్యం ఉంది. 1974లో విడుదలైన ‘ది కన్వర్సేషన్’ని ఎడిట్ చేస్తున్నప్పుడు వాల్టర్ మర్చ్ ఒక విచిత్రం గమనించాడు. తాను ఎక్కడ కట్ చెయ్యాలనుకుంటే దాదాపు అక్కడే నటుడు జీన్ హ్యాక్‌మన్ కనురెప్ప వేస్తున్నాడు. ఒక ఆలోచన ముగిసినచోట మనిషి రెప్ప వేస్తాడని, చూపుని తనంతట తానే కోసుకుంటాడని మర్చ్ ఊహ. మంచి కట్‌కి ఆయన వేసిన తూకంలో భావోద్వేగానికి 51 శాతం, కథకి 23 శాతం దక్కాయి. మనుషులు గదిలో ఎక్కడ నిలబడ్డారన్న స్థల సంబంధమైన కొనసాగింపుకి అన్నిటికన్నా తక్కువ, 4 శాతం. శిక్షణ తరగతుల్లో నెల రోజులు నూరిపోసేది ఆ నాలుగు గురించే.

ఇంతదాకా వచ్చాక ఒక తెలివైన విద్యార్థికి సందు దొరుకుతుంది. కదలికే లేదు, కొనసాగింపు చూసేవాడి కల్పన, అంతా కూర్పే. అలాంటప్పుడు ఎలా కూరిస్తేనేం?

ఒక చేనేత కార్మికుడి ఇంటర్వ్యూ ఉందనుకుందాం. ‘డబ్బు అందింది గానీ, అప్పటికే మగ్గం అమ్మేశాను’ అన్నాడు. ‘అందింది’ దగ్గర కోసేస్తే సరిపోతుందని కొత్తవాడు అనుకుంటాడు. చెవికి దొరికిపోతుంది. వాక్యం ఇంకా ఉందన్నట్టు ‘ది’ దగ్గర గొంతు పైకి లేచి వేలాడుతుంది. అనుభవమున్నవాడు అదే ఇంటర్వ్యూలో ఇంకోచోట, వేరే ప్రశ్నకి జవాబుగా, గొంతు దించి అన్న ‘అందింది’ని వెతికి తెచ్చి ఇక్కడ అతికిస్తాడు. ముఖం ఎగిరిపడకుండా మీద మగ్గం షాటో, చేతుల షాటో కప్పుతాడు. కప్పడానికి షాటు లేకపోతే ప్రీమియర్‌లో 2015 నుంచి మార్ఫ్ కట్ ఉంది, రిజాల్వ్‌లో స్మూత్ కట్ ఉంది. రెండు ముక్కల మధ్య పెడితే అటు ముఖాన్నీ ఇటు ముఖాన్నీ చూసి మధ్య ఫ్రేములు తానే పుట్టిస్తుంది. వెనక ఎవరైనా నడుస్తుంటే ఆ బొమ్మ కరిగి వికారంగా తయారవుతుంది, గోడ ముందు కూర్చున్న మనిషైతే నిక్షేపంగా పనిచేస్తుంది. ఆ నాలుగైదు ఫ్రేముల్లో ఉన్న ముఖం ఆ కార్మికుడికి ఏ క్షణంలోనూ లేదు. క్షణికవాదికి క్షణమైనా నిజం. ఇక్కడ అదీ లేదు.

విద్యార్థి వేసిన ప్రశ్న పాతదే. అన్నీ శూన్యమైతే ఇక ధర్మమేమిటి, పుణ్యపాపాలేమిటని ప్రతివాది ఎదురు తిరగడంతోనే మూలమధ్యమకం 24వ ప్రకరణం మొదలవుతుంది. వ్యవహార సత్యాన్ని ఆసరా చేసుకోకుండా పరమార్థం గురించి చెప్పడమే కుదరదని నాగార్జునుడు అక్కడ తేల్చాడు. ఏదీ విడిగా నిలవదు కాబట్టే ఏది చేసినా ఇంకొకదానికి తగులుతుంది. అంతా కూర్పే అన్న మాట కూర్చేవాడికి మినహాయింపు ఇవ్వదు, ఉన్న పట్టు ఇంకాస్త బిగిస్తుంది. శంకరులు అడిగిన మనిషి కూడా ఇక్కడే దొరుకుతాడు. అతుకుకి అటు ఏముందో ఇటు ఏముందో ప్రేక్షకుడికి తెలియదు, వాడికి ఒకే ప్రవాహం కనిపిస్తుంది. రెండూ చూసినవాళ్లు ఇద్దరే. మాట్లాడిన కార్మికుడు ఒకడు, అతను ఎడిటింగ్ గదిలో లేడు. రెండోవాడు ఎడిటర్.

అందుకే కొందరు అతుకుని దాచరు. వార్తల్లో మాట తీసేసినచోట తెల్లటి మెరుపు వేసే అలవాటు ఉంది. ముఖం ఎగిరిపడితే పడనీ అని జంప్ కట్‌ని అలాగే వదిలేసే డాక్యుమెంటరీలు ఉన్నాయి. చూడటానికి అందంగా ఉండదు, ఇక్కడ ఏదో పోయిందన్న సంగతైనా తెలుస్తుంది. మన చేనేత వీడియోకి ఆ అవసరం కూడా లేదు. క్లిప్ అంచు పట్టుకుని కుడివైపుకి లాగితే ‘గానీ’ మళ్లీ వినిపిస్తుంది, ఫుటేజ్ ఎక్కడికీ పోలేదు. చిక్కల్లా ఆర్డరిచ్చినవాళ్లు 30 సెకన్లకి మించొద్దనడంతోనే. ‘గానీ’ తర్వాతి మాట మూడు సెకన్లు. మొదట్లో ఊరి మీద తిరిగే డ్రోన్ షాటు ఎనిమిది సెకన్లుంది, అయిదుకి తగ్గిస్తే సరిపోతుంది.